వార్తల సరిపోలిక

సామాజిక మాధ్యమాల్లో తిరిగే ఒక మాటను వేర్వేరు వార్తాసంస్థల కథనాలతో పోల్చి నిజానిజాలు తేల్చే పద్ధతిని వార్తల సరిపోలిక అనవచ్చు. ఎన్ని చోట్ల వస్తే అంత నిజమన్న లెక్క ఈ పద్ధతిని తరచు దారి తప్పిస్తుంది. పీటీఐ వంటి వార్తా ఏజెన్సీ పంపిన ఒక్క వార్తనే పది పత్రికలు, ఇరవై వెబ్‌సైట్లు వేసుకోవచ్చు. అప్పుడు ముప్పై కథనాలకూ మూలం ఒక్కటే. లెక్కపెట్టవలసింది ఆ మూలాలనే. తన విలేకరి కళ్లారా చూసినదో, తాను సంపాదించిన పత్రమో, తాను మాట్లాడిన మనిషో ఉన్న కథనాన్నే రెండో ఆధారంగా తీసుకోవాలి. చాలా చోట్ల వచ్చినా నిజం కాని మాటకు ఒక ఉదాహరణ: 2016లో కొత్త 2000 రూపాయల నోటులో నానో చిప్ ఉందన్న ప్రచారాన్ని కొన్ని టీవీ చానళ్లు కూడా ప్రసారం చేశాయి. రిజర్వు బ్యాంకు ప్రకటించిన నోటు లక్షణాల్లో అలాంటిదేదీ లేదు.

ఈ విషయంలో ఎక్కువ పరిశీలనకు వచ్చినది పిల్లల అపహరణ వీడియో. మోటారు సైకిల్‌పై వచ్చిన ఇద్దరు వీధిలో ఒక పిల్లాణ్ణి ఎత్తుకుపోవడం అందులో కనిపిస్తుంది. అది కరాచీలోని రోష్ని హెల్ప్‌లైన్ అనే స్వచ్ఛంద సంస్థ కోసం తీసిన అవగాహన చిత్రం. 2016 నాటిదని సాధారణంగా చెబుతారు. అసలు చిత్రంలో వాళ్లే తిరిగి వచ్చి పిల్లాణ్ణి దింపి, తల్లిదండ్రులను హెచ్చరించే అట్ట చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని కత్తిరించిన వీడియో భారతదేశంలో వాట్సాప్‌లో పాకింది. 2018 వేసవిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పిల్లలను ఎత్తుకుపోయే ‘పార్థీ ముఠా’ దిగిందన్న పుకార్లు రేగాయి. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో పిల్లల దొంగలన్న అనుమానంతో ఐదుగురిని కొట్టి చంపారు. అదే నెలలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాదుకు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఇలాగే బలయ్యారు. ఇలాంటి దాడుల్లో మొత్తం మృతుల సంఖ్యపై పత్రికల లెక్కలు కుదరవు. 2017 జనవరి 1 నుంచి 2018 జూలై 5 వరకు 69 ఘటనల్లో 33 మంది చనిపోయారన్న ఇండియాస్పెండ్ వార్తాసైట్ లెక్క కాలపరిమితిని స్పష్టంగా చెప్పింది కనుక మిగతావాటికంటే నమ్మదగినది. అదీ వార్తల నుంచి ఏరినదే. వార్తకెక్కని ఘటన అందులో ఉండదు.

నిజానికి ఆ వీడియోతో పాటు తిరిగిన సందేశంలో రెండు వాదనలున్నాయి: ఈ దృశ్యం ఇక్కడిదేనని ఒకటి, ముఠాలు తిరుగుతున్నాయని మరొకటి. మొదటిదాన్ని తేల్చేది అసలు చిత్రం. రెండోదాన్ని తేల్చేవి పోలీసు స్టేషన్లలో నమోదైన అదృశ్యం కేసులు. పోలీసులు ఖండించారు కదా, అది చాలదా అని అడగవచ్చు. తమ పరిధిలో ఫిర్యాదులు రాలేదని చెప్పడానికి పోలీసులే సరైన సాక్షులు; వీడియో ఎక్కడిదో చెప్పడానికి మాత్రం వాళ్లూ అసలు చిత్రాన్నే చూడాలి. వీడియో కరాచీదని తేలినంత మాత్రాన ముఠాలు లేవని రుజువు కాదన్న అభ్యంతరం సరైనదే. అందుకే రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. ఒకదాని ఆధారాన్ని రెండోదానికి అతికించిన ఫ్యాక్ట్‌చెక్ కథనాలు బలహీనమైనవి.

ఇంత ఓపిక మామూలు పాఠకుడికి ఎక్కడిదన్నది ఇంకా బరువైన ప్రశ్న. ఎవరు చూశారు, ఏ ఊళ్లో, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని కథనాన్ని పక్కన పెట్టడానికి ఓపిక పెద్దగా అక్కర్లేదు. కానీ పత్రిక చేతికందని చోట ఆ ప్రశ్నలూ పుట్టవు. 2018 జూలైలో భారతదేశంలో సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ పెట్టిన పరిమితి వేగాన్ని తగ్గించగలదే తప్ప అందులోని మాటను సరిదిద్దలేదు. అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లా పోలీసులు ఊళ్లకు సిబ్బందిని కేటాయించి, జానపద కళాకారుల పాటలతో పుకార్లను ఖండించారు. ఫోనులో విన్న మాటను అక్కడి జనం తమకు తెలిసిన కానిస్టేబుల్‌నే అడిగి తేల్చుకునే వీలు కలిగింది.