ఖామోషీ చెప్పిన తారీఖ్

ఇటలీ దర్శకుడు ఎత్తోరే స్కోలా 1983లో తీసిన ‘ల బాల్’ సినిమాలో మాటలుండవు. పారిస్‌లో ఒక డాన్స్ హాలు, సంగీతం, అడుగులు. అంతే. 1936 నుంచి 1983 దాకా ఫ్రాన్సు తారీఖ్ ఆ ఒక్క గదిలోనే నడుస్తుంది.

1940 జూన్ 14న హిట్లర్ ఫౌజు పారిస్‌లో దిగింది. సినిమాలో జర్మన్ అఫ్సర్ హాల్లోకి వస్తాడు. ఆడవాళ్లెవరూ అతనితో నాట్యానికి లేవరు. చివరికి దుష్మన్‌కు గులామైన ఫ్రెంచివాడొకడు అతనితో జోడీ కడతాడు. ఇన్కార్‌కు జబాన్ అక్కర్లేదని అక్కడ తెలుస్తుంది.

కానీ కిస్సా అక్కడితో ఖతం కాదు. ఫ్రాన్సు కూడా 1830లో పరాయి గడ్డ మీద ఫౌజును దింపింది. అది అల్జీరియా. 1945 మే 8న, హిట్లర్ మీద ఫతేను యూరప్ పండగ చేసుకుంటున్న రోజే, సెతీఫ్‌లో ఆజాదీ అడిగిన అల్జీరియన్లపై ఫ్రెంచి తుపాకులు పేలాయి. ఆ తర్వాతి వారాల్లో వేలమంది షహీదయ్యారు. 1954లో మొదలైన జంగ్ 1962 జులై 5న ఆజాదీతో ముగిసింది.

స్కోలా దీన్ని దాచలేదు. యాభైల నాటి ఘట్టంలో ఒక అరబ్బు కుర్రాడు దెబ్బలు తింటాడు. ఈ సినిమా ఆస్కార్‌కు వెళ్లింది కూడా అల్జీరియా తరఫునే. నామినేషనూ దక్కింది.

ఇంట్లో పిల్లలతో చూస్తే ఈ సవాల్ వేయండి: జర్మన్ అఫ్సర్‌కు ‘నహీ’ అన్న ఆ హాల్లోనే అరబ్బు కుర్రాడికి దెబ్బలెందుకు పడ్డాయి? తన మీద పడిన జుల్మ్‌ను గుర్తుపట్టడం ఆసాన్. తన చేతిలోని జుల్మ్‌ను గుర్తుపట్టడమే ముష్కిల్. ఈ సబక్ ఒక్క ఫ్రాన్సుకే కాదు, మనకూ.