అడవిలో నల్ల కుందేలు.. వేరే జాతి కాదు! మరి ఆ రంగు ఎక్కడిది?

అడవి కుందేలు అనగానే గుర్తొచ్చేది మట్టిరంగు బొచ్చే. కానీ యూరప్‌ పొలాల్లో, దీవుల్లో అప్పుడప్పుడు బొగ్గులా నల్లటి కుందేలు కెమెరాకి చిక్కుతుంటుంది. అంతే.. వీడియో వైరల్. ఇదేదో కొత్త జాతి అనుకుంటారు చాలామంది. ఆ పొరపాటు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే చేశారు. అదెలాగో చూద్దాం.

ఒక్క వెంట్రుకలో మూడు రంగులు

యూరోపియన్ అడవి కుందేలు వెంట్రుకని దగ్గరగా చూస్తే మొదట్లో బూడిద రంగు, పైన పసుపు పట్టీ, చివర నలుపు ఉంటాయి. ఇవన్నీ కలిసి దూరానికి ఎండుగడ్డి, మట్టి కలిసిన రంగులా కనిపిస్తాయి. గద్దకి, నక్కకి దొరక్కుండా కాపాడేది ఈ రంగే. వెంట్రుక పెరుగుతున్నప్పుడు మధ్యలో కాసేపు పసుపు రంగు తయారయ్యేలా చేసేది 'అగౌటి' అనే జన్యువు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీలూ పనిచేయకపోతే ఆ పసుపు పట్టీ పడదు. వెంట్రుక మొత్తం నలుపే!

అందుకే మామూలు రంగు జంటకి కూడా నల్ల పిల్ల పుట్టొచ్చు. ఇద్దరిలోనూ ఒక్కో కాపీ దాగి ఉంటే, ప్రతి పిల్ల విషయంలో నల్లగా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. నలుపుకి ఇంకో జన్యువు కూడా కారణం కావచ్చు, కానీ ఎక్కువగా చెప్పుకునేది ఇదే.

డార్విన్ చూసిన కుందేళ్లు

దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్ దీవులకి 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు కుందేళ్లని ఓడల్లో తెచ్చి వదిలారు. అవి అక్కడే అడవిపాలై పెరిగాయి, వాటిలో నల్లవీ కనిపించేవి. తర్వాత అటు వెళ్లిన ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్తలు నల్లవాటిని ఏకంగా వేరే జాతిగా లెక్కేసి 'లేపస్ మెగెల్లానికస్' అని పేరు కూడా పెట్టేశారు.

1833, 1834లో ఆ దీవులకి వెళ్లిన చార్లెస్ డార్విన్ అక్కడి గౌచోలని, అంటే పశువుల కాపరులని అడిగారు. నల్లది వేరే జాతి అన్న మాటకి వాళ్లు నవ్వారట! రెండు రంగులూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, జత కడతాయి, మచ్చల పిల్లలు పుడతాయి అని చెప్పారు. మచ్చల కుందేలు నమూనా ఒకటి డార్విన్ చేతికీ వచ్చింది. పుస్తకాల్లోకెక్కిన జాతిని రోజూ కుందేళ్లని చూసే కాపరులు ఒక్క నవ్వుతో కొట్టేశారన్నమాట.

మంచు కరిగితే ప్రాణాలకే ముప్పు

ఉత్తర అమెరికాలోని స్నోషూ హేర్‌ది ఇంకో కథ. ఇది చలికాలంలో తెల్లగా, ఎండాకాలంలో గోధుమ రంగులో ఉంటుంది. పగటి వెలుగు ఎంతసేపుందన్న దాన్ని బట్టి రంగు మారుతుంది, మంచుతో పనిలేదు. ఇప్పుడు మంచు ఆలస్యంగా పడి త్వరగా కరుగుతోంది. దాంతో గోధుమ నేల మీద తెల్లటి హేర్ దూరం నుంచే దొరికిపోతోంది. పసిఫిక్ తీరం వైపు కొన్ని మాత్రం చలికాలంలోనూ గోధుమ రంగులోనే ఉంటాయి. ఆ గుణం బ్లాక్‌టెయిల్డ్ జాక్‌ర్యాబిట్‌తో ఎప్పుడో జరిగిన సంకరం వల్ల వచ్చిందని 2018లో పరిశోధకులు తేల్చారు. అక్కడా జన్యువు అగౌటినే.

మన దగ్గర తెల్లది కనిపిస్తే?

మన తెలుగు రాష్ట్రాల్లో చెవులపిల్లి అని పిలిచేది నిజానికి ర్యాబిట్ కాదు, హేర్. ర్యాబిట్ పిల్లలు బొరియలో బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. హేర్ పిల్లలు నేల మీదే బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. మన హేర్‌కి మెడ వెనక నల్ల మచ్చ ఉంటుంది. అది వింతేం కాదు, పుట్టుకతో వచ్చేదే.

కాబట్టి ఊరి చివర ఎర్రకళ్ల తెల్ల కుందేలు కనిపిస్తే, అది దాదాపుగా ఎవరో పెంచి వదిలేసిందో, తప్పించుకుందో అయి ఉంటుంది. దానికి మెలనిన్ అనే రంగు పదార్థం తయారవ్వదు, అందుకే కళ్లలో రక్తనాళాల ఎరుపు కనిపిస్తుంది. అలాంటిది బయట కుక్కల నుంచి, గద్దల నుంచి దాక్కోలేదు. పెంచలేక 'స్వేచ్ఛగా బతుకుతుందిలే' అని వదిలేస్తే ఎక్కువ రోజులు బతకడం కష్టం.

చెవులపిల్లి సంగతి వేరు. దాన్ని పట్టుకున్నా, వేటాడినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. రంగు ఏదైనా సరే.