మేఫ్లవర్ కాగితం మీద హాప్కిన్స్ సంతకం

డిగ్రీ పిల్లలకు మేఫ్లవర్ ఒడంబడిక చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది సంతకాల దగ్గరే. పత్రం చాలా చిన్నది, ఇంగ్లీషులో సుమారు 200 మాటలు. దేవుణ్ణీ రాజునూ తలచుకుని, అందరం ఒక సమాజంగా కట్టుబడతాం, న్యాయమైన చట్టాలు చేసుకుంటాం, వాటికి లోబడతాం అన్నారు. కింద 41 మంది మగవాళ్ల పేర్లు.

1620 నవంబరు 11న, పాత క్యాలెండరు లెక్కన, ఇంగ్లండు వలసదారులతో అమెరికా చేరిన మేఫ్లవర్ ఓడ కేప్ కాడ్ కొన దగ్గర లంగరేసింది. వర్జీనియా కంపెనీ పట్టా చెల్లేది ఇంకా దక్షిణాన, హడ్సన్ నది వైపు. ఇసుక మేటలకు భయపడి అటు పోలేక వెనక్కి తిరిగారు. పట్టా లేని నేల మీద మమ్మల్ని శాసించే హక్కు ఎవరికీ లేదని కొందరు తెగేసి చెప్పారు. వాళ్లను కట్టడి చేయడానికే ఈ కాగితం రాసుకున్నామని, తర్వాత ఆ వలసకు గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ దాచకుండా రాశాడు. దీన్ని స్వేచ్ఛాశాసనంగా కీర్తించే పాఠ్యపుస్తకాలతో నా పేచీ ఇక్కడే.

ఆ మాటలన్నవాళ్ల పేర్లు బ్రాడ్‌ఫర్డ్ చెప్పలేదు. కానీ సరిగ్గా అదే వాదన చేసి మరణశిక్ష దాకా వెళ్లిన మనిషి ఆ ఓడలో ఉన్నాడు: స్టీఫెన్ హాప్కిన్స్. 1609లో జేమ్స్‌టౌన్‌కు పోతున్న సీ వెంచర్ ఓడ బెర్ముడా దగ్గర తుఫానుకు చెడిపోయింది. ఓడతోపాటే గవర్నరు అధికారమూ పోయింది, ఇక ఎవరి దారి వాళ్లదే అని హాప్కిన్స్ తోటివాళ్లకు నూరిపోశాడు. తిరుగుబాటు నేరం మోపి మరణశిక్ష వేశారు. భార్యాబిడ్డల గతేమిటని కాళ్లావేళ్లా పడితే క్షమించారు.

మేఫ్లవర్‌లో అతని భార్య ఎలిజబెత్ నడిసముద్రంలో కొడుకును కన్నది. ఓషియానస్ అని పేరు పెట్టారు. హాప్కిన్స్ సంతకం పెట్టాడు. ఆడవాళ్లెవరి సంతకమూ అందులో లేదు. ఆ తీరంలో తరతరాలుగా బతికిన వాంపనోగ్ జనం ఊసే లేదు. ఎన్నేళ్లు చెప్పినా ఆ లోటు నన్ను కలచివేస్తూనే ఉంది.

అసలు ప్రతి పోయింది. సంతకాల జాబితా 1669లో నథానియల్ మోర్టన్ అచ్చువేసిన పుస్తకం వల్ల దక్కింది. అందులో చివరి రెండు పేర్లు, ఎడ్వర్డ్ డోటీ, ఎడ్వర్డ్ లీస్టర్, హాప్కిన్స్ నౌకర్లవి. నౌకర్లచేత కూడా సంతకం పెట్టించడమే నా దృష్టిలో ఈ పత్రంలోని గొప్ప సంగతి. 1621 జూన్‌లో ఆ ఇద్దరూ కత్తులూ బాకులూ దూసుకుని ఒకణ్ణొకడు పొడుచుకున్నారు. తలా కాళ్లూ కలిపికట్టి 24 గంటలు అన్నపానాలు లేకుండా ఉంచాలని తీర్పు. గంట తిరక్కుండానే నొప్పికి తాళలేకపోయారు. వదిలిపెట్టమని గవర్నరు బ్రాడ్‌ఫర్డ్‌ను వాళ్లతోపాటు వేడుకున్నవాడు యజమాని హాప్కిన్సే. బ్రాడ్‌ఫర్డ్ వదిలేశాడు.

సంతకం పెట్టిన జాన్ బిల్లింగ్టన్‌కు 1630లో ఆ దయ దొరకలేదు. హత్య కేసులో విచారణ జరిపాక కూడా, కొత్తగా మసాచుసెట్స్ బేకు వచ్చిన విన్‌త్రాప్ తదితరుల సలహా అడిగి మరీ ఉరితీశారు. విన్‌త్రాప్‌వాళ్ల దగ్గర రాజు ఇచ్చిన సనదు ఉంది. మేఫ్లవర్‌వాళ్లు నెలకొల్పిన ప్లిమత్ కాలనీకి అలాంటిది చివరిదాకా రాలేదు. 1691లో దాన్ని మసాచుసెట్స్‌లో కలిపేశారు.