పెట్టెమీది అంకె, ఇంటిలోని వేగము

వైఫై రూటరు పెట్టెపై ముద్రించిన వేగము ఇంటిలో ఎన్నడును కానరాదు. ఈ వ్యత్యాసమునకు అర్ధశతాబ్దపు చరిత్ర కలదు.

1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందము ఒక కంప్యూటరునకు దూరపు యంత్రములను రేడియో తరంగములతో కలిపెను. దాని పేరు అలోహా. తోచినప్పుడు ఎవరైనను సందేశము పంపవచ్చును. రెండు ఢీకొన్నచో రెండును చెడును, మరల పంపవలెను. అందువలన మార్గపు శక్తిలో నూటికి సుమారు 18 పాళ్లకు మించి ఫలింపదని గణితము తేల్చెను. రేడియోవారమైన మాకిది సుపరిచితమే: ఒకే తరంగముపై ఇరువురు పలికినచో ఎవరి మాటయు వినబడదు.

1997లో వెలువడిన వైఫై ప్రమాణము ముందు విని, పిదప పలుకుమని శాసించెను. ఢీకొనుట తగ్గెను గాని, వేచియుండుటకును, అందినదని బదులు చెప్పుటకును కాలము వ్యయమగుచునే యున్నది. 1999 నాటి 11 మెగాబిట్ల ప్రమాణమున దక్కినది ఇంచుమించు సగమే.

కావున శ్రోతలు స్వయముగా పరీక్షింపవలెను. ఒక కంప్యూటరును తీగతో రూటరునకు కలిపి, దానినుండి మరియొకదానికి వైఫై ద్వారా పెద్ద ఫైలును పంపి, పట్టిన కాలమును చూడవలెను. రూటరు చెంత ఒకమారు, గోడచాటున ఒకమారు, ఇంటివారందరు వాడు సాయంవేళ ఒకమారు చూచుట మేలు. మెగాబైటునకు ఎనిమిది మెగాబిట్లని మరువరాదు. అట్లు తేలిన అంకెను బట్టియే కొత్త రూటరు కొనవలెనో, ఉన్నదాని చోటు మార్చిన చాలునో నిర్ణయింపనగును.