తవుడు తీసేసిన అన్నం

1835లో మద్రాసులో బెరిబెరి వ్యాధి మీద ఒక వైద్య గ్రంథం అచ్చయింది. రాసినవాడు మద్రాసు సైన్యంలో పనిచేసిన వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్. కాళ్లు మొద్దుబారడం, ఒంటికి నీరు పట్టడం, ఆయాసం, చివరికి గుండె చేతులెత్తేయడం ఆ జబ్బు లక్షణాలు. ఉత్తర సర్కారుల్లో, అంటే తెలుగు తీరపు జిల్లాల్లో, అది బాగా కనిపించేది. గాలి మంచిది కాదని కొందరు, నేల తేమ అని కొందరు అనుకున్నారు. అసలు కారణం కంచంలో ఉందని తేలడానికి ఆ శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

1890లలో జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ ఒక సంగతి గమనించాడు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరిలోలాగే కాళ్లు పడిపోతున్నాయి, తవుడు పోని బియ్యం వేస్తే మళ్లీ లేచి తిరుగుతున్నాయి. తవుడులో ఉండి వాటిని కాపాడిన పదార్థం పేరు థయమిన్, అంటే బి1 విటమిన్. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

వరి తినే ప్రాంతాలెన్నో ఉండగా తెలుగు తీరానికే ఈ బెడద ఎందుకు ఎక్కువైంది? తమిళ దేశంలోనూ బెంగాల్లోనూ ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లు నానబెట్టి ఉడికించేటప్పుడు తవుడులోని థయమిన్ గింజ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత మరపట్టినా పూర్తిగా పోదు. సర్కారు జిల్లాలవాళ్లకు మాత్రం పచ్చి బియ్యమే అలవాటు. రోట్లో పోసి రోకలితో దంచి, చేటతో చెరిగినంత కాలం గింజ మీద ఎంతో కొంత తవుడు మిగిలేది. ఇరవయ్యో శతాబ్దంలో ఊరూరా మిల్లులు వెలిశాయి. ఆడవాళ్లకు దంపుళ్ల చాకిరీ తప్పింది, అది చిన్న మేలు కాదు. ఆ చాకిరీతోపాటు తవుడూ పోయింది. మల్లెపూవులాంటి అన్నం ఇంటి మర్యాదకు గుర్తయింది, దంపుడు బియ్యం లేనివాళ్ల తిండిగా మిగిలింది. 1940 నాటికి నీలగిరుల్లోని కూనూరు పోషకాహార ప్రయోగశాల పరిశోధకులు సర్కారుల్లోని బెరిబెరికీ మిల్లు పట్టిన పచ్చి బియ్యానికీ ఉన్న లంకెను వివరంగా రాశారు.

ఆ ప్రయోగశాల కథ కూడా చివరికి తెలుగు నేలకే చేరింది. 1918లో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి విచారణ కోసమే దాన్ని మొదలుపెట్టాడు. ఎలుకలకు దేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాలు పెట్టి చూస్తే, గోధుమ రొట్టె, పాలు, కూరగాయలతో కూడిన పంజాబు తిండి తిన్నవి పుష్టిగా పెరిగాయి, వరి అన్నమే ప్రధానమైన మద్రాసు తిండి తిన్నవి వెనకబడ్డాయి. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969 నుంచి అదే జాతీయ పోషకాహార సంస్థ.

బెరిబెరి తగ్గింది. తెల్లన్నం మాత్రం తెలుగునాట ఇంకా విస్తరించింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు అధిక దిగుబడినిచ్చే ఐఆర్-8 వరి పండించి చూపించారు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. 1986లో బాపట్లలో రూపొందిన బీపీటీ 5204 విడుదలైంది, సాంబ మసూరిగా సన్నబియ్యానికి మారుపేరైంది. వీటివల్ల కోట్లమంది కడుపు నిండింది, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడలేరు. అదే కాలంలో తెలంగాణలో జొన్న గట్క, రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం పూటపూటా తినే తిండి స్థానం నుంచి తప్పుకున్నాయి.

పాత తరం అన్నం తక్కువేమీ తినలేదు. కానీ నాట్లు, కోతలు, నీళ్ల మోత, మైళ్ల నడక ఆ పిండిపదార్థాన్ని పగలంతా ఖర్చు చేసేవి. ఇప్పుడు అదే అన్నం తిని కుర్చీలో కూర్చుంటున్నాం. పీచు పోయిన బియ్యం త్వరగా అరిగి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచుతుంది. 21 దేశాల్లో లక్షా 32 వేలమందిని గమనించి 2020లో వెలువడిన ప్యూర్ అధ్యయనం తెల్లన్నం ఎక్కువ తినేవారిలో మధుమేహం ముప్పు ఎక్కువని చెప్పింది. ఆ ముప్పు అన్నిచోట్లకన్నా దక్షిణాసియాలోనే బలంగా కనబడింది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహులున్నారని, మరో 13 కోట్ల 60 లక్షలమంది దాని గుమ్మంలో ఉన్నారని అంచనా వేసింది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. వీళ్లంతా ఇంకా ఉద్యోగాలు చేసే వయసువాళ్లే.

ముసలితనపు జబ్బులు ఎంత ముందునుంచి మొదలవుతాయో చెప్పే సాక్ష్యం కూడా హైదరాబాద్ పక్కనే దొరికింది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ నగరానికి దగ్గరలోని 29 గ్రామాల్లో ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ అందింది. మిగతా ఊళ్లకు అప్పటికి అందలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకొచ్చాక పరీక్షిస్తే, ఉప్మా అందిన ఊళ్లవాళ్లు కాస్త పొడుగ్గా ఉన్నారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, ధమనుల్లో బిరుసు తక్కువగా ఉంది. తల్లి కడుపులో ఉండగా, బాల్యంలో దొరికిన తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించింది!

2022లో భారత జనాభాలో 60 దాటినవారు పది శాతం చిల్లర. 2050 నాటికి ప్రతి అయిదుగురిలో ఒకరు ఆ వయసువారే అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. పిల్లలు తగ్గిపోతున్న తెలుగు రాష్ట్రాల్లో ఈ బరువును మోసే భుజాలూ తక్కువే ఉంటాయి. ఇవాళ 35 దాటినవాళ్లంతా ఆ లెక్కలో ఉన్నవాళ్లే. మధుమేహం కిడ్నీలను దెబ్బతీశాక డయాలసిస్ కేంద్రాలు ఎన్ని కట్టినా రోగుల వరద ఆగదు. పాలిష్ తగ్గించిన బియ్యం రేషన్ దుకాణంలో దొరకాలి. అంగన్‌వాడీలో, బడి భోజనంలో జొన్న, రాగి, పప్పు పెరగాలి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏటా ఒకసారి చక్కెర, రక్తపోటు చూపించుకోవాలి. ఇవి ప్రభుత్వాలూ కుటుంబాలూ ఈ ఏడాదే మొదలుపెట్టగల పనులు. మొదలుపెట్టండి.