మధుభాండ లేఖ్యము

మద్యము మూగది. భాండమున బోసి మూతికి ముద్ర వేసిన పిమ్మట అది యే ద్రవ్యముతో చేయబడినదో, యే దేశమునుండి వచ్చినదో, యెన్ని యేండ్లు నిలిచినదో బయటినుండి చూచువానికి దెలియదు. ధాన్యమును గుప్పెడు తీసి పరీక్షింపవచ్చును. వస్త్రమును విప్పి చూడవచ్చును. ముద్ర విప్పి చూచినచో మాత్రము మధువును నిలువ యుంచిన ప్రయోజనమే చెడును. కావున మధుసంచయము గల గృహస్థునకు భాండ మెంత ముఖ్యమో దానినిగూర్చిన వ్రాతయు నంత ముఖ్యము. ఈ వ్రాతను పూర్వు లెవ్వ రెందుల కుంచిరో విచారింపదగియున్నది.

ఇందులకు మిక్కిలి స్పష్టమగు ప్రాచీనసాక్ష్యము ఐగుప్తున గలదు. క్రీ. పూ. 14వ శతాబ్దివాడగు టూటంఖామను రాజు సమాధి 1922లో బయల్పడగా, అందు 26 మధుభాండములు దొరికెను. వానిలో పెక్కింటిపై రాజ్యవర్షమును, తోట యున్న చోటును, మధువు చేయించిన యధికారి పేరును సిరాతో వ్రాయబడియున్నవి. 4, 5, 9 వర్షముల భాండములు ఆ రాజు కాలమునాటివి. ఒకదానిపై మాత్రము 31వ వర్షమని కలదు. ఇంచుమించు పదియేండ్లు మాత్రమే యేలిన రాజున కీ సంఖ్య పొసగదు గాన, అది పూర్వరాజు కాలమునుండి నిలువ యున్న భాండమని పండితు లెంచుచున్నారు. ఆ యొక్క సంఖ్య లేకున్నచో ఆ భాండము తక్కినవానిలో కలిసిపోయి యుండెడిది.

రోమకులును భాండములపై ఆ యేటి ముఖ్యాధికారుల పేర్లతో సంవత్సరమును గుర్తించెడివారు. క్రీ. శ. 1వ శతాబ్దిలో గ్రీకుభాషలో వ్రాయబడిన 'పెరిప్లసు' అను నౌకాయాన గ్రంథము, భరుకచ్ఛమున దిగుమతి యగు మధువును పేర్కొనుచు, ఇటలీ మధువున కగ్రస్థానమిచ్చి, లవొదికేయ మధువును, అరబ్బు మధువును వేరువేరుగా చెప్పినది. అనగా వర్తకునకు మధువని చెప్పిన చాలదు. దేశము పేరు చెప్పవలెను. ఆ గ్రంథమే కృష్ణాముఖద్వార ప్రాంతమును మసాలియా యని పిలిచి, అచ్చటి సన్నని నూలుబట్టలను ప్రశంసించినది. నల్లగొండసీమలో అక్కెనపల్లెయొద్ద రోమక రజతనాణెములు వేయికి పైగా దొరికినవి. మునగాలకు నైరృతిదిశను, ఇక్ష్వాకుల రాజధానియగు నాగార్జునకొండలో, కొమ్మువంటి పానపాత్రను చేతబట్టిన గడ్డపు పురుషుని శిల్పము బయల్పడినది. అతని చెంత మధుభాండమును గలదు. పరదేశపు పానరీతి కృష్ణాతీర శిల్పులకు తెలియనిది కాదని చెప్పుట కిది చాలును.

మన గ్రంథములను జూచినచో మద్యపు లెక్క మొదట రాజుది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను నధికారికి ఒక ప్రకరణమునే కేటాయించెను. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని యారు భేదములు చెప్పి, మేదకమునకు నీరు ద్రోణము, బియ్యము అర్ధాఢకము, కిణ్వము మూడు ప్రస్థములని పాలు నిర్ణయించెను. గృహస్థులు శుభకార్యములకు తెల్లసురను, మందునకై అరిష్టమును చేసికొనవచ్చును; ఉత్సవ యాత్రాదులందు నాలుగుదినములు మాత్రము సురకు సెలవు గలదు. ఇందు ద్రాక్షారసముతో నైన మధువును గూర్చి అతడు చెప్పిన మాట గమనింపదగినది. దానికి పుట్టిన దేశమే వివరణమట. కాపిశాయనము, హారహూరకము అనునవి దేశములనుబట్టి వచ్చిన పేర్లు. భరుకచ్ఛపు వర్తకు డెరిగిన సూత్రమే ఇచ్చటను గానవచ్చుచున్నది.

రెండవ లెక్క వైద్యునిది. చరకసంహిత ఆసవములను వాని యుత్పత్తిస్థానములనుబట్టి తొమ్మిది తెగలుగా విభజించినది: ధాన్యములవి 6, ఫలములవి 26, మూలములవి 11, సారములవి 20, పుష్పములవి 10, కాండములవి 4, పత్రములవి 2, త్వక్కులవి 4, శర్కరది 1, వెరసి 84. ఫలాసవములలో ద్రాక్షయే మొదటిది. ఇంతటి క్రమమైన పట్టిక ఏ భాండాగారమున కైనను ఆదర్శము కాదగును. మఱియు క్రొత్త మద్యము గురువనియు, ప్రాతది లఘువనియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. శార్ఙ్గధరుడు, పాళ్లు విధింపని యరిష్టములకు ద్రవము ద్రోణము, బెల్లము తులము కాక తులా ప్రమాణము, తేనె అందులో సగము, చూర్ణము పదియవ వంతు అని సామాన్యనియమ మేర్పరచెను. ప్రాతక్రొత్తల భేదము గుణభేదమైనప్పుడు, పోసిన దినము వ్రాసి యుంచనివాడు ఆ భేదము నెట్లెరుగును?

వ్రాత చెప్పిన పేరే భాండముయొక్క గతిని నిర్ణయించుననుటకు ఆధునిక కాలమున మునగాల పరగణ మంచి నిదర్శనము. సూర్యాపేట, కోదాడల నడుమ నున్న ఈ పరగణ నలుదెసల నిజాము రాజ్యముచే చుట్టబడియు, కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో చేరి మద్రాసు పాలనలో నుండెను. 1937లో సేలము జిల్లాతో నారంభమైన మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించెను. హైదరాబాదు రాష్ట్రమున ఆబ్కారీ రాబడి సాగుచునే యుండెను. పొలిమేర కీవల నేరమైన పానీయము ఆవల పన్ను చెల్లించిన సరకు. ఇక ఆసవారిష్టముల సంగతి మఱింత సున్నితము. మందు పేర నున్నను అందు మద్యాంశము గలదు. బొంబాయి నిషేధచట్టమును విచారించిన సర్వోన్నత న్యాయస్థానము 1951లో, మద్యాంశము గల యౌషధములను నిషేధించు భాగములు చెల్లవని తీర్పు చెప్పెను. ద్రవ మొక్కటియే, మందని యున్న నొక గతి, మద్యమని యున్న నొక గతి.

రాజు పరిమాణమును, వైద్యుడు ద్రవ్యమును, వర్తకుడు దేశమును వ్రాసిరి. ఈ మూటితోడ సంవత్సరమును జేర్చి వ్రాయుట సంచయము గల గృహస్థుని పని. ఇప్పుడు ఇంట మధుసంచయ ముంచుకొనువాడును భాండమునకు సంఖ్య నిచ్చి, ద్రవ్యము, దేశము, సంవత్సరము, ఉంచిన యర, వచ్చిన దినము, తీసిన దినము ఒక చిట్టాలో నెక్కింపవలెను. తీసిన దినము వ్రాయనిచో చిట్టా ఒకటి, అర యొకటి చెప్పును. మునగాల దివానుగా నుండి 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'నకు పూనుకొనిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు (1877–1923) శాసనముల విషయమున చేసిన పనియు నిట్టిదే: చోటును కాలమును తెలిసినగాని శిల చరిత్ర కాదు. తాళపత్రముల కట్టలు గల యిండ్లకును ఇదే న్యాయము. పేరు పోయిన భాండము నిండియున్నను, దానిలో నేమున్నదో చెప్పువాడు లేడు.