తెల్ల ఏనుగు మీద పడిన నింద

నష్టాల్లో నడిచే సంస్థనో, ఖజానాను మింగేసే ప్రాజెక్టునో మన పత్రికలు ‘తెల్ల ఏనుగు’ అంటాయి. గుదిబండ లాంటి సొంత మాట ఉండగానే ఇంగ్లిష్ ‘వైట్ ఎలిఫెంట్’ను తెచ్చుకున్నాం. దాని వెనకున్న కథ కూడా కలిసే వచ్చింది. సయాం (నేటి థాయిలాండ్) రాజుకు ఆస్థానంలో ఎవరిమీదైనా కోపమొస్తే తెల్ల ఏనుగును బహూకరించేవాడట. అది పవిత్రమైనది, పని చేయించకూడదు. రాజుగారిచ్చింది, వదిలించుకోకూడదు. మేపలేక ఆ మనిషి దివాలా తీసేవాడట.

ఈ కథకు చరిత్రలో ఆధారం లేదు. చరిత్ర చెప్పేది ఇంచుమించు దీనికి తలకిందులు. బుద్ధుడు కడుపున పడేముందు తల్లి మాయాదేవి కలలో కనిపించింది తెల్ల ఏనుగే. అందుకే సయాం, బర్మా రాజులకు అది ధర్మబలానికి గుర్తు. ఎన్ని ఉంటే అంత ఘనత. సయాంలోని అయుత్థయ రాజు చక్రఫత్ దగ్గర అలాంటివి చాలా ఉన్నాయని విని, బర్మా రాజు బయిన్నౌంగ్ రెండు పంపమన్నాడు. చక్రఫత్ కాదన్నాడు. 1563లో బర్మా సేన కదిలింది. 1564లో అయుత్థయ లొంగిపోయింది, రెండు కాదు, నాలుగు ఏనుగులు ఇచ్చుకుంది. ఏనుగులు వట్టి సాకేననుకుందాం. సాకుగానైనా చెల్లాయంటే వాటి విలువ ఎంతో తెలుస్తూనే ఉంది. అలాంటిదాన్ని గిట్టనివాడి పెరట్లో కట్టేసి వస్తారా?

సయాం రాజు మాంగ్‌కుట్ 1861లో అమెరికాకు ఏనుగులు పంపుతానన్న మాట నిజమే. కానీ అవి తెల్లవి కావు, అక్కడి అడవుల్లో పెంచుకోవడానికి ఇస్తానన్న మామూలు ఏనుగులు. మా వాతావరణానికి సరిపడవు, పనులకు ఆవిరి యంత్రాలున్నాయి అని అమెరికా అధ్యక్షుడు లింకన్ మర్యాదగా వద్దన్నాడు.

ఆ కాలానికే ఇంగ్లిష్‌లో ‘వైట్ ఎలిఫెంట్’ భారమనే అర్థంలో పాతుకుపోయింది. బంగారు తొడుగులు, గొడుగులు, ప్రత్యేక సేవకులు అంటూ యాత్రికులు రాసిన వర్ణనల్లో సయాం, బర్మా వారికి రాజ్యలక్ష్మి కనిపిస్తే, లండన్ పాఠకుడికి ఖర్చు పద్దు కనిపించి ఉంటుందని నా అనుమానం.

ఇంతకీ తెల్ల ఏనుగు తెల్లగా ఉండదు. చర్మం లేత గులాబీ కలిసిన గోధుమరంగు. కళ్లు, గోళ్లు చూసి నిపుణులు తేల్చాలి. అమెరికన్ సర్కస్ యజమాని బార్నమ్ 1884లో బర్మా నుంచి ‘తూంగ్ తలౌంగ్’ అనే ఏనుగును రప్పిస్తే, సున్నం లాంటి తెలుపును ఊహించుకొచ్చిన జనం పెదవి విరిచారు. పోటీదారుడు ఫోర్‌పా మాత్రం మామూలు ఏనుగుకే తెల్లరంగు పూయించి, ‘లైట్ ఆఫ్ ఏషియా’ అని పేరుపెట్టి టికెట్లు అమ్ముకున్నాడు.